అగ్గిపెట్టెంత గేమ్ మెషీన్, పలకని బటన్

నేను తయారు చేసిన బుల్లి గేమ్ మెషీన్‌ను, ముందే డబ్బు కట్టినవాళ్లందరికీ 2023 జూన్‌కల్లా పంపేస్తామని మాట ఇచ్చాం. చివరి పార్శిల్ 2024 జనవరి మూడో వారంలో టెక్సస్‌లోని ఫ్రిస్కో పోస్టాఫీసుకు చేరింది. అంటే ఏడు నెలలు ఆలస్యం. ఇప్పుడు ఎవరు కలిసినా "సాఫ్ట్‌వేర్ బాగా కష్టమైందా?" అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌ది పెద్ద కథేం కాదు. ఆ ఏడు నెలల్లో ఐదింటిని మింగేసింది ఒక ప్లాస్టిక్ బటన్ కింద ఉన్న 0.15 మిల్లీమీటర్లు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్తే ప్రభల వెలుగులో బొమ్మల దుకాణాలు వరసగా ఉండేవి. '9999 ఇన్ 1' అని రాసిన బ్రిక్ గేమ్ మా నాన్న అక్కడే కొనిచ్చాడు. అందులో ఉన్నవి నిజానికి నాలుగైదు ఆటలే. ఇటుకలు పడే ఆట, పాము, కారు, ఇంకొకటో రెండో. వాటినే స్పీడు మార్చి మార్చి 9999 అని లెక్క కట్టేవాళ్లు. ఆ మోసం అప్పట్లో తెలియలేదు. తెలిసినా పట్టించుకునేవాణ్ణి కాదేమో. చెవి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కితే టిక్కుమని పలికేది చూడండి, నాకు అది చాలు.

2021లో హైదరాబాద్‌లో ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే) ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఈ పని మొదలుపెట్టాను. అప్పటికి ఇలాంటి బుల్లి మెషీన్లు ప్రపంచంలో లేకపోలేదు. ఫ్రాన్స్‌లో ఒక బృందం తాళాల గుత్తికి తగిలించుకునే ఫంకీ ఎస్‌ను 2020లో కిక్‌స్టార్టర్‌లో పెట్టింది. వస్తువు తయారవక ముందే జనం దగ్గర డబ్బు పోగేసే వెబ్‌సైట్ అది. అమెరికాలో ఒహాయో నుంచి 2021లో థంబీ వచ్చింది. దాని తెర 72 చుక్కల వెడల్పు, 40 చుక్కల ఎత్తు, అంతే. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. నాకు కావాల్సింది మాత్రం అంతకంటే కాస్త పెద్దది: అగ్గిపెట్టె పక్కన పెడితే దాని అన్నలా ఉండాలి, 1989 నాటి నింటెండో చేతి మెషీన్ గేమ్ బాయ్ కోసం రాసిన ఆటలు ఆడాలి, బటన్ పలకాలి.

మొదట అనుకున్న చిప్ ఎస్‌టీఎం32. అప్పుడు చిప్‌ల కరువు నడుస్తోంది. మామూలుగా మూడు డాలర్లకు దొరికేదాన్ని ఒక బ్రోకర్ ముప్పైకి చెప్పాడు, అదీ వంద తీసుకుంటేనే. సరిగ్గా ఆ ఏడాది జనవరిలో రాస్ప్‌బెర్రీ పై వాళ్లు ఆర్‌పీ2040 చిప్‌ను తెచ్చారు. కరువులోనూ అది దొరికింది. రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 264 కిలోబైట్ల మెమరీ. ఆట మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించక్కర్లేదు, బయటి ఫ్లాష్ చిప్ నుంచే నేరుగా చదువుకుంటుంది. ఒక కోర్‌కు ఆట నడిపే పని, ఇంకోదానికి తెర గీసే పని అప్పగించాను.

తెర దగ్గర ఒక చిన్న లెక్క నన్ను బాగా సతాయించింది. గేమ్ బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు. నేను తీసుకున్న 1.3 అంగుళాల తెర 240 బై 240. ఒకటిన్నర రెట్లు చేస్తే 240 బై 216, చక్కగా సరిపోతుంది, పైనా కిందా పన్నెండేసి వరసలు నల్లగా మిగులుతాయి. కానీ ఒకటిన్నర అంటే రెండు చుక్కలను మూడు చేయాలి. మధ్యలో వచ్చే మూడోది ఎవరిది? ఎడమదాన్నే మళ్లీ గీస్తే అక్షరాలు వంకరపోతాయి. రెండింటి రంగూ సగం సగం కలిపితే మెత్తగా కనిపిస్తుంది గానీ ప్రాసెసర్‌కు పని పెరుగుతుంది. చివరికి కలపడమే ఖాయం చేశాను. సెకనుకు అరవై బొమ్మలంటే తెర తీగ మీద దాదాపు ఐదు కోట్ల బిట్లు పరిగెత్తాలి. ఆ తీగ తర్వాత నాకు వేరే రకంగా బుద్ధి చెప్పింది, అక్కడికి వస్తాను.

ఆటల విషయంలో మొదటి నుంచీ ఒకటే పట్టుదల: పెట్టెలో దొంగ ఆట ఒక్కటి కూడా ఉండకూడదు. బజారులో వేల ఆటలు కుక్కి అమ్మే పెట్టెలు బోలెడున్నాయి. నాకవి నచ్చవు, చట్టం సంగతి అటుంచినా సరే. ఇప్పటికీ సరదాగా గేమ్ బాయ్ కోసం కొత్త ఆటలు రాసేవాళ్లున్నారు. వాళ్లలో పదకొండు మందికి మెయిల్ రాస్తే ఏడుగురు ఒప్పుకున్నారు. పాత మెషీన్‌లా నటించి దాని ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు, వాటి లైసెన్సులు కూడా కూర్చుని చదవాలి. స్నెస్9ఎక్స్ లాంటి పేరున్న ఎమ్యులేటర్‌ను కూడా అమ్మకానికి పెట్టే వస్తువులో వాడకూడదని దాని లైసెన్సే చెబుతుంది. నేను వాడిన పీనట్-జీబీది ఎంఐటీ లైసెన్స్, ఆ బాధ లేదు.

కిక్‌స్టార్టర్‌లో ఇండియాలో ఉండేవాళ్లు ప్రాజెక్టు పెట్టలేరు. డబ్బు ఇవ్వొచ్చు, అడగలేం. అందుకని ఫ్రిస్కోలో ఉంటున్న మా అక్కా బావల్ని పట్టుకున్నాను. బావ పేరు మీద అకౌంటు, బావ పేరు మీద బ్యాంకు. "ఒరేయ్ బామ్మర్దీ, ఇది తేడా వస్తే తిట్టేది నన్ను కదరా" అన్నాడు. అన్నాడే గానీ ఆ రాత్రే ఫారాలు నింపాడు.

2022 నవంబరులో ముప్పై రోజుల క్యాంపెయిన్ పెట్టాం. లక్ష్యం 15 వేల డాలర్లు. అక్కడ లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరు కూడా చేతికి రాదు. మొదటి రెండు రోజులూ ఫోను పక్కన పెట్టలేదు. తర్వాత రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. టెన్షన్‌తో నేను అన్నం సరిగ్గా తినకపోతుంటే అమ్మ "ఏదో పరీక్ష రిజల్ట్ లాగా కూర్చున్నావేంట్రా" అంది. ఆఖరి వారంలో మళ్లీ కదిలి, 49 డాలర్ల చొప్పున 470 మెషీన్లకు ఆర్డర్లు వచ్చాయి. షిప్పింగ్ కాకుండా 23,030 డాలర్లు. కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, కార్డుల ఖర్చు ఇంకో 3 శాతం పైచిలుకు. అన్నీ పోను చేతికొచ్చింది మన డబ్బుల్లో 17 లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. డైలకే అందులోంచి 3 లక్షల 80 వేలు పోయాయి.

డై అంటే ప్లాస్టిక్ పోసే ఇనుప అచ్చు. బాలానగర్‌లో డైలు చేసే షెడ్లు వీధికొకటి ఉంటాయి. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ కూడా అక్కడే ఉంది. నాకు దొరికిన డై మేకర్ అన్న నడిపేది రేకుల షెడ్డు. ఇనుము కోసే ఒక సీఎన్‌సీ, ఒక స్పార్క్ మెషీన్, గోడకు సమ్మక్క సారక్క క్యాలెండరు. రెండు డైలు కావాలన్నాను: పై పెంకు, కింది పెంకులకు ఒకటి, బటన్లకు ఒకటి.

డ్రాయింగ్ చూసి ఆయన బటన్ వెనక ఉండే కాడ మీద వేలు పెట్టాడు. మనం నొక్కినప్పుడు ఆ కాడే వెళ్లి సర్క్యూట్ బోర్డు మీది స్విచ్‌ను తాకుతుంది.

"సార్, ఈ కాడ పొడుగు గింతనే పక్కానా?"

"పక్కా అన్నా. కంప్యూటర్‌లో చూశాను."

"జర పొట్టిగ పెట్టుకుందాం. తక్వైతే డైల ఇంకింత కోస్తం, కాడ పెరుగుతది. ఎక్వైతే మల్ల డైల ఇనుము పెట్టలేం గద."

నేను వినలేదు. కంప్యూటర్‌లో కాడకూ స్విచ్‌కూ మధ్య 0.1 మిల్లీమీటరు ఖాళీ చక్కగా కనిపిస్తోంది మరి. అంతకు మించి ఖాళీ ఉంటే పెట్టెను ఊపినప్పుడు బటన్లు గలగలలాడతాయి.

మార్చి నెలాఖరులో మొదటి ముక్కలు వచ్చాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. బోర్డు పెట్టి, పెంకు మూసి, 'ఏ' బటన్ నొక్కాను. పలకలేదు. లోపల ఏదో మెత్తటి దాన్ని నొక్కినట్టుంది. 'బి' నొక్కక ముందే నొక్కినట్టు తెర మీద బొమ్మ ఎగురుతూనే ఉంది.

ఇంటికొచ్చి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిచాను. బోర్డు మందం 1 మిల్లీమీటరు అని ఆర్డరిచ్చాం. పది శాతం అటూ ఇటూ ఉండొచ్చని బోర్డులు చేసేవాళ్లు ముందే రాసి పెడతారు, చదవాల్సింది నేను. మాది 0.08 ఎక్కువొచ్చింది. స్విచ్ కాళ్లను బోర్డుకు అతికించే సోల్డర్ మందం 0.07. రెండూ కలిపితే 0.15. నేను వదిలిన ఖాళీ 0.1. అంటే ఎవరూ నొక్కకుండానే ప్రతి స్విచ్ మీదా కాడ 0.05 మేర కూర్చుని ఉంది. ఆ స్విచ్ మొత్తం కదిలేదే 0.25. దాని పలుకంతా అందులోనే ఉంటుంది, ఐదో వంతు ముందే తినేస్తే ఇంకేం పలుకుతుంది?

డై మేకర్ అన్న "నేనప్పుడే చెప్పిన గద" అనలేదు. అంటేనే బాగుండేది. కాడలు వచ్చే చోటు వరకు డైలో ఇనుప ముక్కలు తీసి కొత్తవి చేసి దిగ్గొట్టాలన్నాడు. ఈసారి ఎంత పొట్టిగా ఉండాలో తేల్చుకునే దాకా మళ్లీ డై దగ్గరికి రానన్నాను. ఆ మార్చిలోనే రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే ప్రభుత్వ వర్క్‌షాప్ తెరిచారు, నమూనాలు చేయించుకునే చోటు. అక్కడ నాలుగు రకాల పొడవుల్లో కాడలున్న బటన్లను త్రీడీ ప్రింట్ తీయించి, గరుకు కాగితంతో రుద్ది కొలతకు తెచ్చి, నాలుగు మెషీన్లకు బిగించి, పేర్లు చెప్పకుండా అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు గేములంటే తెలియదు. కళ్లు మూసుకుని ఒక్కోటీ నొక్కింది.

"ఇది మూలుగుతోంది. ఇది పలుకుతోంది గానీ వదులుగా ఉంది. ఇదుగో, ఇది పలికింది."

అది నేను అనుకున్నదాని కంటే 0.2 పొట్టి కాడ. దాన్నే ఖాయం చేశాను. ఇప్పటికీ మా డ్రాయింగ్‌లో ఆ కొలత పక్కన 'అమ్మ' అని రాసి ఉంటుంది.

'ఏ', 'బి' బటన్లు దారికొచ్చాయి గానీ, దిక్కుల బటన్ ఇంకో తలనొప్పి. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ఆ బటన్‌ను నింటెండోలో గున్‌పే యొకోయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటల మెషీన్ కోసం చేశాడు. దాని గొప్పదనం పైకి కనిపించే ఆకారంలో లేదు. దాని నడుమ కింద చిన్న గుబ్బ ఉంటుంది. ఆ గుబ్బ మీద అది తక్కెడలా ఒరుగుతుంది కాబట్టి ఎడమ నొక్కితే కుడి లేస్తుంది. నేను జాగా కలిసొస్తుందని గుబ్బ తీసేశాను. బొటనవేలు నడుమ మీద పడితే నాలుగు దిక్కులూ ఒకేసారి నొక్కుకుపోయాయి. ఎడమా కుడీ ఒకేసారి వస్తే ఏం చేయాలో పాత ఆటల్లో చాలావాటికి తెలియదు, ఎందుకంటే అసలు మెషీన్ మీద అది జరిగే పని కాదు. ఒక ఆటలో మా హీరో గోడలోకి దూరిపోయి అక్కడే ఉండిపోయాడు. సాఫ్ట్‌వేర్‌లో అడ్డుకోవచ్చు, అడ్డుకున్నాను కూడా. కానీ వేలికి తెలిసిపోతుంది. గుబ్బ పెట్టాలంటే మళ్లీ బాలానగర్ వెళ్లాలి. ఈసారి ఇనుము కోయడమే కాబట్టి పని తేలికే, కానీ అన్న చేతిలో వేరే కంపెనీ డైలున్నాయి, తర్వాత బోనాలొచ్చాయి. ఆగస్టు ఆఖరుకు గానీ చేతికి సరైన బటన్లు రాలేదు.

ఆ ఐదు నెలలూ డబ్బు కట్టినవాళ్లకు నెలకో అప్‌డేట్ రాశాను. మొదట్లో "చిన్న సమస్య" అని దాటేసేవాణ్ణి. జూన్‌లో ఒకాయన "చిన్నదైతే ఎప్పుడో అయిపోవాలి కదా" అని రాశాడు. న్యాయమే. అప్పటి నుంచి వెర్నియర్ ఫొటోలతో సహా ఉన్నదున్నట్టు పెట్టాను. తిట్లు సగానికి సగం తగ్గాయి. ముగ్గురు మాత్రం డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం.

డైలు తయారవుతున్న సమయంలోనే ఇంకో గండం బయటపడింది, అదీ అదృష్టం కొద్దీ. ఇరవై శాంపిల్ మెషీన్లు సగం ఛార్జింగ్‌తో బీరువాలో పెట్టి నెల తర్వాత తీస్తే ఒక్కటీ వెలగలేదు. ఆర్‌పీ2040ని ఎంత నిద్రపుచ్చినా అది పూర్తిగా నిద్రపోదు. మా మెషీన్ ఆఫ్‌లో ఉన్నా 0.2 మిల్లీయాంపులు తాగుతోంది. 300 ఎంఏహెచ్ బ్యాటరీలో సగం, 150. దాన్ని 0.2తో భాగిస్తే 750 గంటలు, ముప్పై ఒక్క రోజులు. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి చేరడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పెట్టె తెరిచినవాడి చేతిలో చచ్చిన మెషీన్ ఉంటుందన్నమాట. స్లైడ్ స్విచ్ పెడదామంటే పెంకుకు బెజ్జం కావాలి, మళ్లీ డై. ఆ మాట తలుచుకోవడానికే ధైర్యం చాలక బోర్డు మీదే మూడు భాగాలతో కరెంటు పూర్తిగా తెగిపోయే సర్క్యూట్ పెట్టాను.

అమెరికాలో అమ్మాలంటే మెషీన్ చుట్టుపక్కల రేడియోలను పాడు చేయదని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం చూపించాలి. మా దాంట్లో వైఫై, బ్లూటూత్ లేవు కాబట్టి పని కొంత తేలిక. అయినా ల్యాబ్‌లో మొదటిసారి తప్పాం. 187.5 మెగాహెర్ట్జ్ దగ్గర గీత కొండలా లేచింది. తెరకు బిట్లు పంపే వేగం (క్లాక్) 62.5, 187.5 దానికి మూడు రెట్లు. ఐదు కోట్ల బిట్లు పరిగెత్తే తీగ అన్నానే, అదే. ఛార్జింగ్ కేబుల్ దానికి యాంటెన్నా అయి కూర్చుంది. దారిలో 33 ఓముల రెసిస్టర్లు పెట్టి, పిన్‌ల జోరు సాఫ్ట్‌వేర్‌లో తగ్గిస్తే రెండోసారి పాసయ్యాం.

వినాయక చవితి నుంచి దసరా దాకా మా హాలు ఫ్యాక్టరీ. బోర్డులు సిటీలోనే ఒక యూనిట్‌లో 500 వేయించాం, పద్నాలుగు పనిచేయలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చి స్క్రూలు బిగించేవాణ్ణి, పగలు అమ్మ పరీక్ష చేసేది. ఎనిమిది బటన్లు, ఒక్కోటి పదిసార్లు. తెర మీద లెక్క పడుతుంది గానీ అమ్మ తెర చూసేది కాదు. సీరియల్ చూస్తూ వేళ్లతోనే పట్టేసేది. పలకనిదాన్ని స్టీలు పళ్లెంలోకి, పలికినదాన్ని చేటలోకి వేసేది. రోజుకు నలభై యాభై అయ్యేవి.

పంపే దగ్గర బ్యాటరీ మళ్లీ అడ్డం పడింది. ఇలాంటి లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు విమానం ఎక్కాలంటే ఆ సెల్ రవాణా భద్రత కోసం పెట్టిన యూఎన్ 38.3 పరీక్షలు పాసైనట్టు సారాంశ పత్రం ఉండాలి. మాకు సెల్స్ అమ్మినాయన ఇచ్చిన పత్రంలో మోడల్ నంబరు వేరే సెల్‌ది. కొరియర్ కౌంటర్‌లో అబ్బాయి అక్షరం అక్షరం పోల్చి చూసి ఎనిమిది అట్టపెట్టెలూ వెనక్కి తిప్పి పంపాడు. ఆటోలో వాటితో తిరిగొస్తుంటే నాకు కోపం రాలేదు, ఆ అబ్బాయి చేసింది సరైన పనే. సరైన పత్రం రావడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా అమెరికాలోని కస్టమ్స్ బ్రోకర్ బావకు ఫోన్ చేసి "ప్రతి మెషీన్ మీదా ఏ దేశంలో చేశారో రాసి ఉందా?" అని అడిగింది. లేదు. పెట్టెలన్నీ విప్పి, అన్నిటికీ 'మేడ్ ఇన్ ఇండియా' స్టిక్కర్లు వేసి, మళ్లీ మూశాం. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు.

థాంక్స్ గివింగ్ సెలవుల్లో ఫ్రిస్కోలో బావ గరాజ్‌లోంచి కార్లు బయటికి పోయి బల్లలొచ్చాయి. అక్క పులిహోర కలిపి వీధిలోని తెలుగువాళ్లను పిలిచింది. పిల్లలు చిరునామాలు అతికించారు, పెద్దలు టేపు వేశారు. వీడియో కాల్‌లో చూస్తుంటే పెళ్లికి విస్తళ్లు కుడుతున్నట్టుంది. ఏడాది గడిచింది కాబట్టి అరవై మందికి పైగా ఇళ్లు మారారు. వాళ్ల కొత్త చిరునామాలు కనుక్కుని పంపేసరికి జనవరి వచ్చింది.

యూరప్ వాళ్ల విషయంలో తప్పు పూర్తిగా నాదే. 2021 జూలై నుంచి అక్కడ 150 యూరోల లోపు పార్శిళ్లకు అమ్మేవాడే ముందుగా వ్యాట్ వసూలు చేసి కట్టే ఐఓఎస్ఎస్ పద్ధతి ఉంది. నేను దాని గురించి చదివి, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. దాంతో గుమ్మం దగ్గర వాళ్లే పన్ను కట్టాల్సి వచ్చింది, దాని మీద కొరియర్ రుసుము వేరే. జర్మనీలో ఒకాయన కట్టనని పార్శిల్ తిప్పి పంపాడు. అది మూడు నెలలు తిరిగి ఫ్రిస్కో చేరింది. బావ తెరిచి నొక్కితే వెలిగింది. ఆ మూడు భాగాల సర్క్యూట్ పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే.

లెక్కలన్నీ చూసుకుంటే 62 వేలు నా జేబులోంచి పడ్డాయి. రెండు నెలల క్రితం డై మేకర్ అన్న ఫోన్ చేశాడు. "సార్, మీ డై ఈడనే ఉన్నది. కొత్త మెషీన్ వస్తున్నది, జాగ సాల్తలేదు. తీస్కపోతరా, ఇనుప సామాన్లోనికి ఏద్దామా?" వెళ్లి తెచ్చుకున్నాను. పెద్దది నలభై కిలోల పైనే ఉంటుంది, లిఫ్టు దాకా మోయడానికి వాచ్‌మన్ సాయం పట్టాడు. గ్రీజు పూసి, కవరు చుట్టి బాల్కనీలో ఒక మూల పెట్టాను. తెల్లారి చూస్తే అమ్మ దాని మీద తులసి కుండీ పెట్టేసింది.